జాబ్రియాలో నేను నాటిన అడవి

ఇసుక దేశంలో, ఆగస్టు నెలలో, ఎండ సరిపోవడం లేదని దిగులుపడిన మనిషి ఒకడున్నాడు. ఆ మనిషిని నేనే. ఆ దిగులు వల్ల ఒక మంచి కారు, ఒక బస్తా బంగాళాదుంపలు, ముగ్గురి ప్రయాణం ఏమయ్యాయో ఇప్పుడు చెబుతాను. ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి ధైర్యంగా నవ్వుకోవచ్చు. పోబోయి ఆగింది, అంతే.

నిజానికి ఇది ఓబులమ్మక్క చెప్పే కథ. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా ఆమే మొదలుపెట్టేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. పోయిన నెల ఆమె పోయింది. కడప దగ్గర వాళ్ళ ఊళ్ళో కర్మాంతరం రోజున భోజనాల దగ్గర ఎవరో, "ఆ అడివి కత ఇంగ ఎవరు చెప్తారబ్బా" అన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆమెలా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్పగలను. జరిగింది జరిగినట్టు చెప్పినా నా పరువు దక్కదని, మొదలుపెట్టకముందే తెలుసు.

నాది కోనసీమ. కువైట్‌లోని షుఐబాలో ఒక కంపెనీ స్టోర్సులో గుమస్తాగా ఉండేవాణ్ణి, ఫహాహీల్‌లో గది. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజు నుంచి కంపెనీకి తాళం పడింది. గదిలోవాళ్ళు తలో దిక్కు వెళ్ళిపోయారు. అప్పుడు నన్ను ఆదుకున్నది సుబ్బరాయుడు. కడప మనిషి, జాబ్రియాలో ఒక పెద్ద ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్ళు వేసవికి ఇంగ్లండు వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఇంట్లో మిగిలింది సుబ్బరాయుడు, వంట చేసే ఓబులమ్మ. ఆమె అతనికి వరసకి అక్క.

"ఒక్కడివే ఆడేం చేస్తావు సారూ, మా యింటికి రా. అన్నమన్నా ఉంటాది" అని తీసుకొచ్చాడు.

మా ముగ్గురి ఆశా ఒక్కదాని మీదే ఉండేది. పెరట్లో చుట్టూ గుడ్డ దించిన పందిరి నీడన, బాబాగారి పెద్ద అమెరికన్ కారు ఉంది. బాబా అంటే ఇంటి యజమాని. టాంకు నిండా పెట్రోలు ఉంది. ఇరాక్ మీదుగా జోర్డాన్ దాకా మనవాళ్ళని పోనిస్తున్నారన్న కబురు ఖాయం కాగానే అందులో ఎక్కి వెళ్ళిపోవాలన్నది సుబ్బరాయుడి పథకం. సైన్యం పాలు కావడం కంటే మా పాలు కావడమే బాబాకి ఇష్టమని ఆయన తరఫున మేమే తీర్పు చెప్పుకున్నాం. అప్పటికే వీధిలో కార్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

"పందిరి కింద ఉన్నెంత వరకూ గేటు సందులోంచి ఎవరికీ కనపడదు సారూ. ఇది ఉంటే మనం ఊరు చేరినట్టే" అనేవాడు సుబ్బరాయుడు. అని, రోజూ దాని వీపు తుడిచేవాడు. అంత ప్రేమగా గేదెల్ని తుడిచేవాళ్ళని మా ఊళ్ళో చూశాను.

కబురు ఖాయమయ్యేదాకా తినాలి కదా. జమియా అనే సహకార దుకాణంలో అరలు ఖాళీ అవుతున్నాయి. మా దగ్గర బియ్యం ఉన్నాయి, ఒక బస్తా బంగాళాదుంపలు ఉన్నాయి. అదే కూర, అదే వేపుడు, అదే పులుసు.

అటువంటి సమయంలో నా చేతికి ఒక పుస్తకం దొరికింది. బాబా చదువుకున్నవాడు, హాల్లో గోడ నిండా ఇంగ్లీషు పుస్తకాలు. ఇది తోటల పుస్తకం. చలిదేశంలో ఇంటి పెరటినే చిన్న అడవిలా పెంచి, అందులోంచి తిండి తీసుకోవడం ఎలాగో అందులో రాశారు. మంచి పుస్తకం, నిజాయితీగల పుస్తకం. చలిదేశాల కోసమని అట్ట మీదే రాసి ఉంది. దాని తప్పేమీ లేదు.

తప్పెక్కడ జరిగిందంటే, నేను దాన్ని ఏసీ హాల్లో, దుప్పటి కప్పుకుని చదివాను. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే చలిదేశంలోనే ఉన్నాననిపించింది.

"ఏం సారూ, ఒక్కడివే నవ్వుకుంటాండావు? ఊరికి పొయ్యే దావ ఏమన్నా రాసినారా దాంట్లో?" అంది ఓబులమ్మక్క.

"దారి కాదక్కా, తిండి. మన పెరట్లో అడవి పెంచుదామండి."

"అడివి పెంచితే పులులొస్తాయి గానీ తిండేం వస్తాది?"

"తిండి పెట్టే అడవండి. పైన పెద్ద చెట్లు, వాటి కింద చిన్న చెట్లు, ఆ కింద పొదలు, ఆ కింద ఆకుకూరలు, మట్టిలో దుంపలు, అన్నిటి మీదా తీగలు. ఒకసారి నాటితే చాలు. దున్నక్కర్లేదు, కలుపు తియ్యక్కర్లేదు."

సుబ్బరాయుడు నమ్మలేదు. "మా పక్క అడివిలో కంపచెట్లు, రాళ్ళు తప్ప ఏముంటాయి సారూ? మేకలు గూడా తిట్టుకుంటా తింటాయి."

"ఇది చలిదేశపు అడవి. యాపిల్ కాస్తుంది."

యాపిల్ అనగానే ఓబులమ్మక్క చేతిలో గరిటె ఆగింది. బాబాగారి పిల్లలకి రోజూ యాపిల్ తొక్క తీసి, ముక్కలు కోసి పెట్టిన మనిషి. సొంత యాపిల్ చెట్టన్న ఆలోచన ఆమెకు అప్పటిదాకా రాలేదు.

"ఎన్నేండ్లకి కాస్తాది?"

"ఐదారేళ్ళు పట్టొచ్చు."

"అంతవరకూ యీ మిలిట్రీ యీడనే ఉంటాదా?"

"ఉంటే యాపిల్స్ తింటూ చూద్దామండి."

ఫ్రిజ్‌లో మిగిలిన యాపిల్ పళ్ళు తీసి, మా ముగ్గురికీ కోసి పెట్టి, గింజలు కొంగున కట్టుకుంది. ఆమె ఒప్పుకుంది కాబట్టి ఇల్లు ఒప్పుకున్నట్టే.

పుస్తకంలో మొదటి అధ్యాయమంతా ఎండ గురించే. చలిదేశంలో ఎండ దొరకడం కష్టం, దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకోవాలి. తోటని గుర్రపునాడా ఆకారంలో గట్టు కట్టి, దక్షిణం వైపు తెరిచి ఉంచాలి. ఉత్తరం వైపు గాలికి అడ్డంగా ఎత్తుగా ఏదైనా ఉండాలి. గోడలు తళతళలాడేలా ఉంటే ఆ వెలుతురు మళ్ళీ మొక్కల మీద పడుతుంది.

నేను కిటికీలోంచి చూశాను. కారు మీది పందిరి సగం పెరటికి నీడ పరిచి ఉంది. నాకు నిజంగానే గుండె కలుక్కుమంది. ఎంత ఎండ వృథా అయిపోతోంది!

"సుబ్బరాయుడూ, పందిరి తీసెయ్యాలి."

"పందిరి తీస్తే కారు కనపడతాది గదా సారూ! కారు కనపడితే మనం ఊరికి కనపడం."

"కారుని ఉత్తరం వైపు నిలబెడదాం. పైన పాత తివాచీలు కప్పి, చక్రాలు మునిగేదాకా చుట్టూ మట్టి పోద్దాం. మొక్కలకి గాలి తగలదు. చూసేవాడికి మట్టిదిబ్బలా ఉంటుంది."

అతను కాసేపు ఆలోచించాడు. "అంటే కారు దాపెట్టినట్టూ ఉంటాది, తోట పెట్టినట్టూ ఉంటాది."

"ఆయ్, రెండూనూ."

"సదువుకున్నోనివి, నువ్వు చెప్తే సరిపోతాదిలే."

ఈ మాట నాతో అన్న ఆఖరి మనిషి అతనే. ఆ తర్వాత ఎవరూ అనలేదు.

పందిరి ఊడదీశాం. ఇసుక తవ్వి గుర్రపునాడా గట్టు కట్టాం. దాని ఉత్తరపు వంపు నడుమ కారుని నిలబెట్టి, తివాచీలు కప్పి, చక్రాల చుట్టూ ఇసుక కుమ్మరించాం. వంటగదిలో ఉన్న ఫాయిల్ పేపరు చుట్టలన్నీ తెచ్చి అట్టల మీద అంటించి, గట్టు పొడుగునా నిలబెట్టాను.

"యీడ ఎండ సాలదా సారూ?" అని అడిగింది ఓబులమ్మక్క, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పుస్తకం ప్రకారం చాలదక్కా."

మధ్యాహ్నం ఆమె చూడ్డానికి గడప దాటి, వెంటనే వెనక్కి వచ్చేసింది. "నాకు సుబ్బరాయుడు కనపళ్ళా, గోడ కనపళ్ళా. అంతా తెల్లంగా ఉండాది. సచ్చిపోయినానేమో అనుకున్యా."

బస్తాలో బంగాళాదుంపలు చాలా మటుకు విత్తనానికే వాడేశాను. కళ్ళున్న ముక్కలు చూసి కోసి, గట్టు నిండా నాటాను. వాటి మధ్య మెంతులు, ధనియాలు, శనగలు. కారు పక్కన ఓబులమ్మక్క తన యాపిల్ గింజలు నాటి, దండం పెట్టుకుంది.

ఇక రెండో అధ్యాయం నేల గురించి. చలిదేశపు నేలల్లో పులుపు ఎక్కువట. సున్నం చల్లి, కొంచెం కొంచెంగా కలుపుతూ, నీళ్ళు పోస్తూ ఆ పులుపు విరగ్గొట్టాలి. మా పెరటి మట్టి పులుపో ఉప్పో నేను చూడలేదు. పుస్తకం చూసే చెప్పి ఉంటుంది కదా అనుకున్నాను. పక్క స్థలంలో కడుతూ కడుతూ వదిలేసిన ఇల్లొకటి ఉంది. అందులో చిరిగిన సంచులు కనిపించాయి. లోపల పాలలాగా తెల్లటి, మెత్తటి పొడి. సంచి మీద పేరు అరబ్బీలో ఉంది. మా ముగ్గురిలో ఓబులమ్మక్క అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం ఎవరికీ రాదు.

"సున్నమే, గోడలకి కొట్టేది" అన్నాను.

"సున్నమే" అన్నాడు సుబ్బరాయుడు.

ప్రతి పాదుకీ దోసెడు చల్లి, ఇసుకలో కలిపి, నీళ్ళు పెట్టాను. కారు చక్రాల చుట్టూ నాలుగు దోసిళ్ళు ఎక్కువే వేశాను, గాలికి గట్టు కొట్టుకుపోకూడదని. పొద్దునా సాయంత్రం నీళ్ళు. మళ్ళీ పొడి, మళ్ళీ నీళ్ళు. ఎంత శ్రద్ధగా చేశానో చెబితే మీకు నా మీద గౌరవం కలుగుతుంది, అందుకే చెప్పను.

మొలకలు రాలేదు. నేల మాత్రం రోజురోజుకీ నున్నగా, అందంగా తయారైంది.

"సారూ, పాదులోకి వేలు దిగడంల్యా" అన్నాడు సుబ్బరాయుడు.

"నేల బలం పుంజుకుంటోంది" అన్నాను.

"ఉర్లగడ్డలు అయిపోతాండాయి" అంది ఓబులమ్మక్క, బంగాళాదుంపల బస్తా దులుపుతూ. "నీ అడివి ఎప్పుడు వడ్డిస్తాదో చెప్పు సారూ, దానికి తగినట్టు ఆకలి పెట్టుకుంటాం."

ఇంతలో, జోర్డాన్ దారి నిజమేనని కబురు వచ్చింది. రెండు రోజుల్లో బయలుదేరాలనుకున్నాం. సుబ్బరాయుడు నీళ్ళ డబ్బాలు నింపాడు. ఓబులమ్మక్క రొట్టెలు కాల్చింది. నేను లేనప్పుడు అడవికి నీళ్ళెవరు పెడతారా అని నేను బెంగ పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే గేటు ధడధడలాడింది.

వీధి చివర బడిలో సైనికులు మకాం పెట్టారు. నా గుర్రపునాడా పట్టుకున్న ఎండంతా పోగై, సరిగ్గా ఆ బడి పైఅంతస్తు కిటికీల్లోకి వెళుతోందని మాకు తెలియదు. వాళ్ళ అధికారి కళ్ళు నులుముకుంటూ లోపలికి వచ్చాడు. వెనక తుపాకులతో నలుగురు, ఒకడి చేతిలో పార.

అతను గట్టిగా ఏదో అరిచాడు.

"ఎవురికి సైగలు చేస్తాండారు అంటాండాడు" అంది ఓబులమ్మక్క. "యీ మెరిసే అట్టలు ఎందుకంట."

"ఎండ చాలక పెట్టామని చెప్పక్కా."

ఆమె నా వైపు చూసింది. "సారూ, ఆ మాట నా నోటితో చెప్పలేను. నువ్వే చెప్పు."

నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. ఆకాశం చూపించి, "షమ్స్" అన్నాను, సూర్యుడు. రెండు వేళ్ళ మధ్య చిటికెడు చూపించి, "కలీల్" అన్నాను, తక్కువ.

అధికారి తలెత్తి ఆకాశంలోకి చూశాడు. సైనికులూ చూశారు. అందరి గడ్డాల మీంచీ చెమట కారుతోంది.

తర్వాత గట్టు చూపించి మళ్ళీ అడిగాడు.

"ఇదేందంటాండాడు."

"అడవి అని చెప్పు."

చెప్పింది. అతను చుట్టూ చూశాడు.

"చెట్లు యావంటాండాడు."

"వస్తాయని చెప్పు."

"ఎప్పుడొస్తాయంట."

నేను నోరు తెరిచేలోపు ఆమే, "ఐదారేండ్లని చెప్పమంటావా? చెప్తే మనల్ని యీడనే నాటుతాడు" అంది.

అధికారి సైగ చేశాడు. పార ఉన్నవాడు నా బంగాళాదుంపల పాదు మీద బలంగా ఒక పోటు పొడిచాడు. ఖణేల్‌మంది. పార అంచు వంకర తిరిగింది. సైనికుడు చెయ్యి విదిలించుకుంటూ గంతులేశాడు. ఒక్క క్షణంలో తుపాకులన్నీ నా వైపు తిరిగాయి. పక్కా కట్టడం, నాడా ఆకారం, నోరు దక్షిణాన రోడ్డు వైపు. సైనికుడన్నవాడికి అది ఏమిటనిపిస్తుందో నాకిప్పుడు అర్థమవుతుంది. ఫిరంగి పెట్టుకునే చోటనిపిస్తుంది.

ఒకడు గోడవార ఉన్న సంచి తెచ్చాడు. అధికారి దాని మీది పేరు పైకి చదివాడు. ఓబులమ్మక్క నా వైపు తిరిగింది.

"సారూ, సున్నం కాదంట. సిమెంటంట. తెల్ల సిమెంటు."

స్టోర్సు గుమస్తాకి సిమెంటు తెలియదా అంటారు మీరు. తెలుసు. బూడిద రంగులో ఉంటుందని తెలుసు. తెల్లగా కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఇసుక, సిమెంటు, రెండు పూటలా నీళ్ళు, పైన మండుటెండ. దీన్ని మేస్త్రీలు ఏమంటారో మీకు తెలుసు. తోట అని మాత్రం అనరు.

అప్పుడొక సైనికుడు తివాచీ లాగాడు. కారు బయటపడింది.

అధికారి ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది. సుబ్బరాయుడి ముఖం నేను చూడలేకపోయాను. తాళం అడిగారు. ఇచ్చాడు, కన్నకూతుర్ని పంపిస్తున్నట్టు. సైనికుడొకడు ఎక్కి బండి స్టార్టు చేశాడు. ఇంజను గర్జించింది. కారు కదల్లేదు. ఇంకా గట్టిగా గర్జించింది. ఉన్నచోటే గజగజ వణికింది తప్ప అంగుళం జరగలేదు. నాలుగు చక్రాలూ నా అడవిలో వేళ్ళూనుకున్నాయి. ఆ పెరట్లో నేను నాటినవాటిలో వేళ్ళూనుకున్నది అదొక్కటే.

లారీ తెచ్చారు. వెనక బంపరుకి తాడు కట్టి లాగారు. లారీ వెళ్ళింది. బంపరు కూడా వెళ్ళింది, వీధి మలుపు దాకా. కారు ఉండిపోయింది.

అధికారి మా వైపు తిరిగి ఒకే మాట అడిగాడు. అది అర్థం కావడానికి ఓబులమ్మక్క అవసరం లేకపోయింది. ఇది ఎవరి పని? సుబ్బరాయుడు, ఓబులమ్మక్క ఇద్దరూ ఒక్కసారే నన్ను చూపించారు. అంత ఐకమత్యం నేను మరెక్కడా చూడలేదు.

అతని చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదికి వెళ్ళింది. ఇక్కడ నవ్వు రాదు. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది. ఓబులమ్మక్క గబుక్కున నాకూ అతనికీ మధ్యకి వచ్చి నిలబడింది. "మజ్నూన్" అంది. పిచ్చివాడు. కణత మీద వేలు తిప్పి చూపించింది. ఆ తర్వాత అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో రెండు చేతులూ పుస్తకంలా తెరిచి, అందులో ముఖం పెట్టి, తల అటూ ఇటూ ఊపి అభినయించింది. అధికారి నన్ను చూశాడు, ఫాయిల్ పేపర్లని చూశాడు, ఆకాశం చూశాడు. అతని చెయ్యి కిందికి జారింది. ముఖంలో జాలి కనిపించింది.

"నిన్ను ఎండకు తిరగనీకుండా ఊరికి తీసకపొమ్మంటాండాడు సారూ."

వాళ్ళు బ్యాటరీ ఊడదీసుకుని, అట్టలన్నీ ఏరుకుని వెళ్ళిపోయారు.

మేము అందరితో పాటు కిక్కిరిసిన బస్సెక్కాం. దారిలో ప్రతి తనిఖీ దగ్గరా ఓబులమ్మక్క నన్ను చూపించి మజ్నూన్ అనేది, వెంటనే పోనిచ్చేవాళ్ళు. ఏ కాగితమూ అంత బాగా పనిచెయ్యలేదు. సుబ్బరాయుడు మాత్రం బస్రా దాకా నాతో మాట్లాడలేదు. బస్రా దాటాక, ఎదుటివాడి మోచెయ్యి తన చెవిలో ఉండగా, ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఏసీ కారు సారూ."

యుద్ధం ముగిశాక ఓబులమ్మక్క మళ్ళీ ఆ ఇంటికే పనికి వెళ్ళింది. ఒకరోజు మా పక్కింటి ఫోనుకి ఆమె నుంచి పిలుపు వచ్చింది.

"సారూ, బాబా నిన్ను రమ్మంటాండాడు. వీసా పంపిస్తాడంట."

"కేసు పెడతారా అక్కా?"

"కేసేంది? వీధిలో అందరి కార్లూ పొయినాయి. ఈయన కారు ఒక్కటే మిగిలింది. మిలిట్రీ మొత్తం దిగినా కదలకుండా సిమెంట్లో పాతిన ఇంజినీరు మా యింట్లో ఉన్న్యాడని ఊరంతా చెప్పుకుంటాండాడు."

"నిజం చెప్పలేదా అక్కా?"

"నేనేమన్నా మజ్నూనా, నిజం చెప్పేదానికి?"

నా జీవితంలో నన్ను ఇంజినీరన్నది బాబా ఒక్కరే. కాసేపు ఆ సుఖం అనుభవించి, అడిగాను.

"కారు బాగా నడుస్తోందా అక్కా?"

"నడిచేదాని మాట తర్వాత. ఇంగా తవ్వుతాండారు."

పక్కింటివాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు. ఫోను పెట్టేయబోతుంటే ఆమె మళ్ళీ అంది. "ఇంగో మాట సారూ. అది తవ్వినాక పెద్ద గుంత పడతాదంట. ఆడ తోట పెట్టేది గూడా నువ్వేనంట."

అక్కడే, ఆ ఫోను పక్కన, పక్కింటివాళ్ళందరి ఎదుటా లేచి నిలబడి ప్రమాణం చేశాను. ఇక ఈ చేతులతో విత్తనం నాటను. నాటినా నీళ్ళు పోయను. పోసినా దాని మీద తెల్లటిదేదీ చల్లను. ముగ్గులోకి పిండి అందించమన్నా సరే, సంచి మీది పేరు నేను చదివి, ఇంకొకరి చేత చదివించి, చిటికెడు నీళ్ళలో కలిపి, ఒక రాత్రి ఆగి, గట్టిపడలేదని తేలాకే ఇంటి ఇల్లాలి చేతికి ఇస్తాను. ఈ ప్రమాణం ఇప్పటివరకు తప్పలేదు. మా వీధిలో నన్ను ముగ్గుపిండి అడిగేవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు.